మంట గురించి రాస్తున్నాం, జనం పోతున్నది పొగతో

ఈ వారం వ్యాసాంశం పట్టణ అగ్నిప్రమాదాలు. జనరల్ స్టడీస్ మూడో పేపర్‌లో విపత్తు నిర్వహణ కింద చదువుకునేదే. దీని మీద దొరికే నమూనా జవాబులన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఇరుకు వీధులు, ఎన్‌ఓసీ లేని భవనాలు, ఫైరింజన్ల కొరత, అవగాహన కార్యక్రమాలు, చివర ‘సమష్టి కృషి అవసరం’. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ జవాబు మొత్తం వెతికినా ‘పొగ’ అన్న మాట కనబడదు. గాలి ఎటు నుంచి వచ్చింది, ఎటు పోయింది అన్న ప్రశ్న అసలే ఉండదు. నా అభ్యంతరం అక్కడే. రేపు విచారణ అధికారులుగా కూర్చోబోయేవాళ్లు ఈ రెండూ తెలియకుండా రాస్తే అది మార్కులు పోయే సంగతి మాత్రమే కాదు.

ముందు ఘటనలు చూద్దాం. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనం అంటుకుంది. 8 మంది చనిపోయారు. కింద పుట్టిన పొగ మెట్ల దారినే పైకి ఎక్కింది. 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 6 మంది యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది. వాళ్లలో 8 మంది పిల్లలు. రాకపోకలకు ఉన్నది ఒకటే ఇరుకు దారి. అంతకు ముందు 2011 డిసెంబర్ 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో బేస్‌మెంట్‌లో మంట పుడితే పై అంతస్తుల్లో పడుకున్న రోగులు సుమారు 90 మంది పోయారు. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది. ఈ రెండు చోట్లా మంట కింద, చావు పైన. మధ్యలో ప్రయాణం చేసింది పొగ.

మన బిలాస్‌పూర్ కూడా దీనికి బయట లేదు. 2019 జనవరిలో ఇక్కడి సిమ్స్ ఆసుపత్రిలో విద్యుత్ ప్యానెల్ దగ్గర మంట పుట్టింది. పొగ నవజాత శిశువుల వార్డు దాకా పాకింది. పసికందులను హడావిడిగా వేరే ఆసుపత్రులకు మార్చాల్సి వచ్చింది.

ఇన్ని జరిగాక కూడా మనం ఏం లెక్కపెడుతున్నామో చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 నివేదికలో 7,566 అగ్నిప్రమాదాలు, 7,435 మరణాలు. కారణాల పట్టికలో షార్ట్ సర్క్యూట్ ఉంటుంది, గ్యాస్ సిలిండర్ ఉంటుంది, బాణసంచా ఉంటుంది. కాలి పోయినవారెందరు, పొగకు పోయినవారెందరు అన్న గడి లేదు. లెక్కలో లేనిది విధానంలోకి రాదు. విధానంలో లేనిది మన జవాబులోకీ రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ‘గాలి ఆడితే మంచిది, కిటికీలు పగలగొట్టండి’ అనే నమ్మకం మన సమాజంలో వేదవాక్కులా చలామణి అవుతోంది. మంట కనబడగానే జనం చేసే మొదటి పని రాళ్లతో అద్దాలు పగలగొట్టడం, రెండో పని తలుపులన్నీ బార్లా తెరవడం. టీవీలో దాన్నే సాహసం అంటారు. పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం పట్టిన ఏ అమ్మమ్మను అడిగినా ఇందులో పొరపాటేమిటో చెబుతుంది. గాలి మంటకు తిండి. ఆకలితో ఉన్న మంటకు తలుపు తీస్తే అన్నం వడ్డించినట్టే.

మూసి ఉన్న గదిలో మంట కొద్దిసేపటికి ఆక్సిజన్ చాలక మందగిస్తుంది. అది ఆరిపోవడం కాదు, కాచుకు కూర్చోవడం. గది నిండా వేడి పొగ ఉంటుంది. ఆ పొగ వ్యర్థం కాదు, కాలకుండా మిగిలిన ఇంధనం. తలుపు తీసిన మరుక్షణం కింది నుంచి చల్లగాలి లోపలికి, పై నుంచి వేడి పొగ బయటికి ఒక దారి కడతాయి. ఆ దారిలో ఎవరున్నా మంట వాళ్ల మీదుగానే పోతుంది. అమెరికాలో యూఎల్ సంస్థ పరిశోధకులు ఇళ్లు కట్టి మరీ తగలబెట్టి దీన్ని కొలిచారు. పాతకాలపు చెక్క, నూలు సామాను ఉన్న గది మొత్తంగా అంటుకోవడానికి సుమారు 30 నిమిషాలు పడితే, ఫోమ్, ప్లాస్టిక్ సామాను ఉన్న నేటి గదికి 5 నిమిషాలు కూడా పట్టలేదు. నీళ్లు సిద్ధంగా లేకుండా తలుపో కిటికీయో తెరిస్తే మందగించిన మంట కొద్ది నిమిషాల్లోనే విజృంభించింది.

ఈ పాఠం కోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మనది రైల్వే ఊరు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం, అంతకు ముందు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ జంక్షన్. పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు రైల్వే కాలనీల్లో తరాలుగా ఉన్నాయి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ‘ఫైర్‌మన్’ అంటే మంట ఆర్పేవాడు కాదు, మంటను పెంచి పోషించేవాడు. అతనికి పొగగొట్టమే పాఠ్యపుస్తకం. నల్లటి పొగ దట్టంగా వస్తే బొగ్గు ఎక్కువైంది, గాలి చాలలేదని అర్థం. లేత బూడిద రంగులో పలుచగా వస్తే మంట సరిగ్గా ఉందని అర్థం. బ్లోయర్ తిప్పకుండా రెగ్యులేటర్ మూస్తే మంట వెనక్కి తిరిగి, తెరిచిన పొయ్యి తలుపులోంచి మనుషులున్న క్యాబ్‌లోకి కొట్టేది. గాలి దారి తప్పితే మంట దారి తప్పుతుందని ఆ రోజుల్లో షెడ్డులో చేరిన కుర్రాడికి కూడా నేర్పేవారు. అదే జ్ఞానం మన విపత్తు నిర్వహణ జవాబుల్లో లేకపోవడం విడ్డూరం కాదా?

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అంటాం. మన తర్కశాస్త్రం కూడా కొండ మీద పొగ చూసి నిప్పును ఊహించడాన్నే అనుమాన ప్రమాణానికి ఉదాహరణగా చెబుతుంది. మనం అక్కడే ఆగిపోయాం. నిప్పు ఉందని పొగ చెబుతుంది, నిజమే. ఎక్కడ ఉంది, ఎంత ముదిరింది, ఇంకాసేపట్లో ఏం చేయబోతోంది కూడా చెబుతుంది. అగ్నిమాపక శిక్షణలో పొగను నాలుగు లక్షణాలతో చదువుతారు. నోట్స్‌లో రాసుకోండి.

1. పరిమాణం: భవనం సైజుతో పోల్చి చూడాలి. చిన్న టీ కొట్టు నిండా పొగంటే చిన్న మంట కావచ్చు. పెద్ద గోదాము అన్ని సందుల్లోంచీ పొగ వస్తోందంటే లోపల పెద్ద మంటే.

2. వేగం: నెమ్మదిగా, సాఫీగా తేలుతూ వచ్చే పొగ వేరు. సుడులు తిరుగుతూ, తోసుకుంటూ వచ్చే పొగ వేరు. రెండోది కనబడితే గది ఇక వేడిని తట్టుకోలేని స్థితికి చేరిందని, ఏ క్షణమైనా మొత్తం భగ్గుమంటుందని హెచ్చరిక. ఒకే సైజు సందుల్లో ఎక్కడ పొగ వేగంగా వస్తోందో మంట ఆ దగ్గర్లోనే ఉంటుంది.

3. సాంద్రత: పొగ ఎంత చిక్కగా ఉంటే అందులో కాలని ఇంధనం అంత ఎక్కువ. చిక్కటి పొగలోకి వెళ్లడమంటే పెట్రోలు ఆవిరిలోకి వెళ్లడం లాంటిదే.

4. రంగు: మొదట్లో తేమ వల్ల తెల్లగా ఉండవచ్చు. దూరం ప్రయాణించి వచ్చిన పొగ కూడా తేలికపడుతుంది. నల్లగా, పలుచగా, వేగంగా వస్తే మంట దగ్గరలోనే ఉందని. అందుకే రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

వీటికి తోడు ఇంకొక గుర్తు. మూసిన తలుపు సందుల్లోంచి పొగ బయటికి వచ్చి మళ్లీ లోపలికి పీల్చుకుపోతున్నా, కిటికీ అద్దాలు మసిబారి ఉన్నా, మంట కనబడకపోయినా, ఆ తలుపు తీయకూడదు. లోపల పేలుడు కాచుకుని ఉంది.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. ‘అద్దాలు పగలగొట్టకపోతే లోపలివాళ్లు ఊపిరాడక చచ్చిపోరా?’ న్యాయమైన ప్రశ్న. ఆమ్రిలో మూసుకుపోయిన అద్దాల గోడే రోగులకు శత్రువైంది. జవాబు ఇది: ఎవరైనా గది తలుపు మూసుకుని కిటికీ దగ్గర నిలబడితే ఆ కిటికీ తెరవడం సరైన పని, ఎందుకంటే వెనక తలుపు మంటను ఆపుతోంది. అదే తలుపు తెరిచి ఉండగా కిటికీ పగలగొడితే ఆ మనిషి ఉన్న గదే పొగగొట్టం అవుతుంది. మంట ఉన్న గదికి నీళ్లు చేరకముందు పగలగొట్టడం వేరు, నీళ్లు పడుతుండగా పొగ పోవడానికి తెరవడం వేరు. మెట్ల పైనున్న టెర్రస్ తలుపు సంగతీ అంతే. మంట ఉన్న అంతస్తు తలుపు మూసి ఉంటే టెర్రస్ తలుపు తెరవడం వల్ల మెట్ల దారి శుభ్రపడుతుంది. మూయకుండా తెరిస్తే మంట మెట్లెక్కుతుంది. అంటే వెంటిలేషన్ మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్నే కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ఆదేశంతో అన్నదే ప్రశ్న.

రెండో ఎదురు ప్రశ్న: ‘ఇదంతా అగ్నిమాపక సిబ్బంది పని, పాలనాధికారికి ఎందుకు?’ రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవలను పురపాలికల అంశాల్లో చేర్చింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. ఘటనా స్థలంలో జనం ఒత్తిడి మధ్య ‘అద్దాలు పగలగొట్టండి’ అనాలా, ‘ఎవరూ ముట్టుకోవద్దు, ఫైర్ అధికారి చెప్పినట్టు చేయండి’ అనాలా అన్నది అక్కడున్న పెద్ద అధికారి నోటి మాట మీద ఉంటుంది. తరువాత వచ్చే విచారణ కూడా అంతే. ‘షార్ట్ సర్క్యూట్ వల్ల’ అని రాసి ఫైలు మూస్తే ఏమీ తెలియదు. మెట్ల తలుపు మూసి ఉందా? కేబుళ్లు వెళ్లే షాఫ్ట్‌ను అంతస్తు అంతస్తుకూ మూసి సీలు చేశారా? టెర్రస్ తాళం ఎవరి దగ్గరుంది? ఏ అద్దం ఎప్పుడు పగిలింది, నీళ్లు ఎప్పుడు పడ్డాయి? ఈ నాలుగూ అడగని విచారణ విచారణే కాదు.

మూడోది: ‘మనది పేద దేశం, ఇవన్నీ ఖరీదైన ముచ్చట్లు.’ పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసుతో అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల పథకం తెచ్చింది. జెండా ఊపి వాహనాలు ప్రారంభించడం తేలిక, ఫొటో వస్తుంది. తలుపు మూయడం నేర్పితే ఫొటో రాదు, కానీ దానికి రూపాయి ఖర్చు లేదు. జాతీయ అగ్నిమాపక కళాశాల 1956లో మొదలైంది. అది ఉన్నది మన లైన్‌లోనే, నాగపూర్‌లో. జ్ఞానం దూరంగా ఏమీ లేదు.

ఇక ఇది చదువుతున్న మన గురించి. 2019 మే 24న సూరత్‌లో కోచింగ్ భవనం అంటుకుని 22 మంది విద్యార్థులు పోయారు. 2023 జూన్ 15న ఢిల్లీ ముఖర్జీనగర్‌లో కోచింగ్ విద్యార్థులు పొగకు తాళలేక కిటికీల్లోంచి తాళ్లు, వైర్లు పట్టుకుని దిగారు. సివిల్స్ చదివేవాళ్లే వాళ్లు. మన ఊళ్లో పీఎస్సీకి, రైల్వే పరీక్షలకు చదివేవాళ్లు రోజుకు పన్నెండు గంటలు కూర్చునే రీడింగ్ రూములు ఎలా ఉంటాయి? ప్లైవుడ్ గదులు, ఏసీ కోసం బిగించిన కిటికీలు, కిటికీ మీద బయట నుంచి టాపర్ల ఫొటోల ఫ్లెక్సీ, మెట్ల కింద కరెంటు మీటర్లు, ఒకే మెట్ల దారి, టెర్రస్‌కు తాళం. జాతీయ భవన నిర్మాణ నియమావళి 15 మీటర్లు, ఆపై ఎత్తున్న వాటినే బహుళ అంతస్తుల భవనాలుగా లెక్కిస్తుంది. కఠినమైన షరతులు ఎక్కువగా వాటికే. మనం చదివే మూడంతస్తుల మేడ ఆ వలలో పడదు. పొగ మాత్రం ఎత్తు కొలిచి రాదు.

కాబట్టి జవాబు రాసేటప్పుడు ‘అవగాహన పెంచాలి’ అని ఆపకండి. మరణాల లెక్కలో పొగను విడిగా నమోదు చేయాలి, మెట్లకూ షాఫ్టులకూ పొగ చొరబడకుండా తనిఖీ చేయాలి, 15 మీటర్ల లోపు కోచింగ్ భవనాలకూ లాడ్జిలకూ ఇది వర్తించాలి, ఘటనా స్థలంలో తెరిచే అధికారం ఒక్క ఫైర్ అధికారికే ఉండాలి, ప్రతి విచారణలో గాలి దారి పటం గీయాలి అని రాయండి. ఐదు వాక్యాలు, ఐదూ అమలు చేయదగ్గవి.

ఈ రాత్రి రీడింగ్ రూముకు వెళ్లినప్పుడు పుస్తకం తెరిచే ముందు రెండు చూడండి. మెట్ల తలుపు మూసుకుంటుందా? టెర్రస్ తాళం చెవి ఎక్కడుంది? యజమానిని అడగండి. విసుక్కున్నా సరే, మళ్లీ అడగండి. అధికారి ఉద్యోగం వచ్చాక అడగబోయే ప్రశ్నలు ఇవే.