పీవీ నేర్చినది మనకు కష్టమా?

"పాత కంప్యూటరిక పనికిరాదు, కొత్తది కొనవలసిందే." మా మంథనిలో ఈ తీర్పు తరచుగా వినవస్తున్నది. నాకిది మింగుడుపడదు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0నూ, తాను ఆమోదించిన ప్రాసెసర్లనూ కోరుతుంది. సరే, అంతమాత్రాన నడుస్తున్న యంత్రం చచ్చినట్టేనా? భద్రత అక్కరలేదని నేననను. మార్చవలసినది నిర్వాహక వ్యవస్థను, కంప్యూటర్‌ను కాదంటున్నాను.

లినక్స్ వేసుకొమ్మంటే "అమ్మో, అది ఇంజనీర్లకే" అంటారు. 1957 నుండి 1977 వరకు ఈ మంథనికే శాసనసభ్యుడైన పీవీ నరసింహారావు అరవై దాటాక కోబాల్, బేసిక్ నేర్చి యూనిక్స్‌పై పనిచేశారు. ఆనాడు ప్రతి ఆదేశమూ టైపు చేయవలసినదే! నేటి లినక్స్‌లో చాలా పనులు మౌస్‌తోనే జరిగిపోతాయి. యూనికోడ్ తెలుగూ చక్కగా కుదురుతుంది.

ముందు పెన్‌డ్రైవ్ నుండి నడిపి చూడండి. వైఫై, ప్రింటర్ సంగతి అక్కడే తేలిపోతుంది. డిస్కులోని దస్త్రాలు చెక్కుచెదరవు. మరీ నెమ్మదిగా ఉంటే హార్డ్‌డిస్కు బదులు ఎస్ఎస్‌డీ వేయించండి.

విండోస్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్‌తో బతుకుతెరువున్నవారితో నాకు పేచీ లేదు. పిల్లల చదువుకు కొన్న కంప్యూటర్‌ను మూలపడేయించి, ఆ ఇంటిచేత మళ్ళీ అప్పు చేయించే సలహాతోనే నా తగవు. మిత్రులారా, మీరైనా ఆ సలహా ఇవ్వకండి.