వీథికుక్కను ఇంటికి దెచ్చుటకు ముందు

మా పాఠశాల యావరణమున వేపచెట్టు క్రింద కొంతకాలము ఒక గోధుమవన్నె కుక్క కాపురముండెను. మధ్యాహ్నభోజన సమయమున బాలురు వేయు ముద్దలే దానికి జీవనాధారము. 2025 సంవత్సరము నవంబరు 7వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము, విద్యాలయములు, వైద్యశాలలు, బస్సు నిలయములు మొదలగు ఆవరణములలోని వీథికుక్కలను తొలగించి, శస్త్రచికిత్సయు టీకాలును చేయించి ఆశ్రయములకు చేర్పవలెననియు, తిరిగి అచ్చటనే విడువరాదనియు ఆదేశించెను. ఆ వార్త తెలిసిన మఱునాడే ఎనిమిదవ తరగతి బాలురు నలుగురు మాయొద్దకు వచ్చి, "అయ్యా, దానిని మేము పెంచుకొందుము, పట్టుకొని పోనీయకండి" అని వేడుకొనిరి. వారి కన్నీరు చూచి మా మనస్సును కరగెను. ఐనను వెంటనే సరే యనలేదు. ఏల యనలేదో చెప్పుటకే యీ వ్యాసము.

జాలి వేఱు, సంసిద్ధత వేఱు. జాలి క్షణములో పుట్టును. కుక్క పండ్రెండు పదుమూడేండ్లు బ్రదుకును. నేడు దానిని తెచ్చిన బాలుడు ఉన్నత పాఠశాల దాటి, గుంటూరుననో విజయవాడననో వసతిగృహమున జేరి, పట్టము పొంది, ఉద్యోగమున కుదురునాటికి అది యింకను గుమ్మమున ఆతనికొఱకు ఎదురు చూచుచుండును. నడుమ సంవత్సరములలో దానికి అన్నము పెట్టువారెవరు? తఱచుగా తల్లియే. కావున మొదటి ప్రశ్న "నీకు ఇష్టమా" యనునది కాదు; "మీ యమ్మ ఒప్పుకొన్నదా" యనునది.

మన ప్రాంతమువారికి పశుపోషణ క్రొత్త గాదు. ఒంగోలు గిత్తను కొనబోవు రైతు సంతకు పోవుటకు ముందే తన వామి చూచుకొనును. మేత చాలునా, కొట్టములో చోటున్నదా, వేసవిలో చెఱువునీరు నిలుచునా యని లెక్కించును. ఆ రైతే కుక్కపిల్లను తెచ్చునపుడు ఏమియు లెక్కింపడు. కారణమేమి? గిత్తకు వెల యున్నది. వీథికుక్కకు వెల లేదు. వెల లేనిదానికి వ్యయమును లేదని మనము భ్రమపడుదుము.

వ్యయమున్నది. పిల్లకు ఆఱు ఎనిమిది వారముల వయస్సు మొదలు టీకాలు వేయింపవలెను. మూడవ నెలలో రేబిస్ టీకా వేయించి, పిమ్మట పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను. నులిపురుగులకును పిడుదులకును మందులు కావలెను. ఆడకుక్క రమారమి రెండు నెలలు గర్భము మోసి ఒక్క ఈతలోనే పలు పిల్లలను కనును. శస్త్రచికిత్స చేయింపనివాడు ఒక కుక్కను రక్షించి ఐదింటిని వీథిపాలు చేసినవాడగును. తిండి విషయమునను జాగ్రత్త యవసరము. మన యిండ్లలో మిగిలిన కారపు కూరన్నము దానికి తగదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తమునకు హాని చేయును. ద్రాక్షయు చాకొలెట్టును విషప్రాయములు.

ఇక చోటును కాలమును చూడవలెను. కుక్క మనవలె ఒడలెల్ల చెమర్పజాలదు. నాలుక వెల్లబెట్టి వగర్చుటయే దాని చల్లదనము. ఎండలకు పేరుపడిన రెంటచింతల వంటి చోట రేకుల వసారాలో గొలుసున కట్టివేసిన కుక్కకు అది ఇల్లు గాదు, కొలిమి. ప్రత్తిచేలయొద్ద పురుగుమందు కలిపిన నీళ్ళ డబ్బా మూత లేక యుండెనా, దప్పిగొన్న మూగజీవికి అదియు నీరే. మిరపకోతల దినములలో ఇంటిల్లిపాది కళ్ళమున కాయ కాచుకొనుచుండ, ఇంటికి తాళము పడును. పొరుగువాడు ఆరబోసిన కాయపై కుక్క తిరిగినచో తగవు మనది. ఈ నాలుగు నెలల మాట ఆలోచింపనివాడు మిగిలిన యెనిమిది నెలల ప్రేమను చూపి గర్వింపరాదు.

మా తప్పును దాచుట న్యాయము గాదు. ఉపాధ్యాయ శిక్షణ ముగించి క్రొత్తగా ఉద్యోగమున చేరిన యేట, చేనిగట్టున దొరికిన పిల్లనొకదానిని మేము ఇంటికి దెచ్చితిమి. ఎవరిని అడుగలేదు, అది అద్దె యిల్లు. వేసవి సెలవులు రాగా పొరుగింటివారికి నూకలిచ్చి, కాస్త చూడుడని చెప్పి ఊరికి పోతిమి. వారును పనిపాటులవారే. నలువది దినములకు తిరిగి వచ్చునప్పటికి కుక్క లేదు; తలుపుచెక్కమీద గోళ్ళ గీతలు మాత్రముండెను. యజమాని ఆ తలుపునకు రంగు వేయించెను గాని, ఆ యింట నున్నంతకాలము ఆ గీతలు మాకు కనబడుచునే యుండెను. పొరుగువారిని మేము నిందింపలేదు. బరువు ఎత్తుకొన్నది మేము, దింపినది వారి నెత్తిన. వీథిలో పుట్టి పెరిగిన కుక్కకు వీథిలో బ్రదుకు తెలియును. ఇంట పెరిగి వీథిలో పడినదానికి ఆ విద్య రాదు. ఆకలిదప్పులకు గుఱియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ. ఆనాడు మాకా సంగతి తెలియదు. తెలియమి ఆ కుక్కకు అన్నము పెట్టలేదు.

కాటు సంగతియు చెప్పవలెను. బెదరిన కుక్క కఱచును, పెంచినవానినైనను కఱచును. రేబిస్ లక్షణములు పొడచూపిన పిమ్మట రోగి బ్రదుకుట దాదాపు అసాధ్యము. 1885 జూలై 6వ తేదీని పారిస్ నగరమున లూయీ పాశ్చరు తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరను బాలునకు టీకా వేయించుట మొదలిడినది మొదలు ఈ చావు తప్పింప వీలయ్యెను. ఐనను కాటుపై కారమద్దువారు నేటికిని కలరు. అట్లు చేయరాదు. గాయమును సబ్బుతో ధారగా పడు నీటిలో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ప్రభుత్వ వైద్యశాలకు పోయి, చెప్పిన దినములన్నిటను టీకా వేయించుకొనవలెను. ఈ మాట నేర్వని యింట కుక్క నుంచరాదని మా యభిప్రాయము.

ఓర్పు మఱియొకటి. దెబ్బలు తిన్న కుక్క మన యింట అడుగిడినంతనే తోక ఆడింపదు. మంచము క్రింద దూరి దినముల తరబడి వెలికి రాకపోవచ్చును. దానిని లాగరాదు, కొట్టరాదు. నీళ్ళును అన్నమును దగ్గఱనుంచి, వేళ తప్పక, సద్దు చేయక వేచియుండవలెను.

"అందఱును ఇట్లు లెక్కలు వేసినచో ఏ కుక్కకును ఇల్లు దొరకదు గదా" యని కొందఱు మిత్రులు మమ్ము ఆక్షేపించిరి. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని లెక్క కాదనుటకు గాదు, కుదుర్చుకొనుటకు. తెచ్చి మరల విడిచినదానికంటె తేకుండుటయే దయ. 2025 ఆగస్టు 22వ తేదీని సర్వోన్నత న్యాయస్థానమును, పెంచుకొనగోరువారు పురపాలక సంఘమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చుననుచునే, తీసికొన్న కుక్క మరల వీథికి రాకుండ చూచు బాధ్యత వారిదే యని చెప్పెను.

ఆ నలుగురు బాలురకు ఈ ప్రశ్నలనే కాగితముపై వ్రాసి యిచ్చి, ఇంట పెద్దలతో మాటలాడి రమ్మంటిమి. వారము దినములకు ముగ్గురు తలవంచుకొని వచ్చిరి, ఇండ్లలో కాదనిరట. సిగ్గుపడవలసినది లేదని వారికి చెప్పితిమి. లెక్కించి చెప్పిన 'లేదు' కన్నీటితో చెప్పిన 'సరే' కంటె గౌరవమైనది. నాలుగవవాడు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆయన ప్రశ్నలన్నిటికిని బదులు చెప్పి, "కోతలప్పుడు మా యమ్మ ఇంటివద్దనే యుండునండి" అని తానే చేర్చెను. కుక్కకు శస్త్రచికిత్సయు టీకాయునైనవి. గుర్తుగా చెవికొన కత్తిరించిరి. అది యిప్పుడు ఆ ముసలమ్మ మంచము ప్రక్క పడుకొనుచున్నదట. ఆ ముగ్గురు బాలురు ఆదివారములందు పోయి చూచి వచ్చుచున్నారు.

కుక్కతోక పట్టుకొని గోదావరి యీదరాదని మన పెద్దలు చెప్పుదురు. కుక్కను నమ్మించి నడియేట విడువరాదని మేము దానికి చేర్చుచున్నాము. విద్యార్థులారా, ఏటిలో దిగుటకు ముందే ఒడ్డున నిలిచి, ఆవలి గట్టు ఎంత దూరమో చూచుకొనుడు.