పట్టుకోవడం సరే, వదిలించేదెలా?

2025 రసాయనశాస్త్ర నోబెల్ సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు దక్కినప్పుడు మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌ల గురించి ఎక్కువగా చెప్పుకున్నది వాటిలో ఎంత పడుతుందన్నదే. లోహ అయాన్లను కర్బన అణువులతో కలిపి అల్లిన ఈ స్ఫటికాల నిండా ఖాళీలే. కొన్నిటిలో ఒక్క గ్రాము పొడికి వేల చదరపు మీటర్ల లోపలి ఉపరితలం ఉంటుంది. ఎడారి గాలిలోని తేమనూ, పొగగొట్టంలోని కార్బన్ డయాక్సైడ్‌నూ అవి పట్టేస్తాయి. కానీ పట్టినదాన్ని బయటికి రప్పించందే అదే పొడి రెండోసారి పనికిరాదు. అందుకు ఇవాళ వేడి చేస్తున్నారు, లేదా పీడనం తగ్గిస్తున్నారు. కార్బన్ సేకరణలో శక్తి బాగా కరిగిపోయేది అక్కడే. వేడికి బదులు వెలుతురుతోనే వదిలించగలిగితే ఆ ఖర్చు తగ్గవచ్చు. అందుకే ఈ స్ఫటికాలు వెలుతురుకు ఎలా మారతాయన్నది కూడా వాటి విలువలో భాగం కావాలంటున్నాను.

స్ఫటికంలో వెలుతురు ఎంత కచ్చితంగా పనిచేస్తుందో సిన్నమిక్ ఆమ్లం ఎప్పుడో చూపింది. ద్రావణంలో దాని అణువులు జంటకట్టడం అరుదు. స్ఫటికంలో ద్విబంధాలు ఒకదానికొకటి సమాంతరంగా, సుమారు 4.2 ఆంగ్‌స్ట్రామ్‌లలోపు ఉంటే మాత్రం వెలుతురు సోకగానే జతపడతాయని ఇజ్రాయెల్‌లో ష్మిట్ బృందం 1964లో తేల్చింది. ఆ ఆమ్లమే మూడు రకాల స్ఫటికాలు కడుతుంది. రెండు రకాలు రెండు వేర్వేరు పదార్థాలనిస్తాయి, మూడోది అసలు స్పందించదు. మామూలు స్ఫటికంలో ఈ పొందిక మన చేతిలో ఉండదు, దొరికిందే ప్రాప్తం. ఫ్రేమ్‌వర్క్‌లో లోహాన్నీ అణువు పొడవునూ ఎంచుకునేది మనమే కాబట్టి ఆ దూరాలను చాలావరకు ముందే నిర్ణయించవచ్చు. 2013లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వెలుతురుకు వంగే అజోబెంజీన్‌ను చట్రంలో భాగం చేశారు. రెండు కొసలూ బిగిసి ఉన్నందున అది పూర్తిగా వంగలేదు, ఉన్నచోటే కదిలింది. ఆ కాస్త కదలికకే పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌లో 64 శాతం వరకు బయటపడింది.

వెలుతురు పైపొర దాటదనీ, మారేటప్పుడు స్ఫటికం పగులుతుందనీ ఆక్షేపణ ఉంది. అది నిజమైన చిక్కే. అయితే బాగా పీల్చుకునే రంగు కాంతికి బదులు కొద్దిగానే పీల్చుకునే కాంతిని వాడితే అది లోతుకు చేరుతుందనీ, మార్పు అంతటా సమంగా జరిగి స్ఫటికం నిలుస్తుందనీ 1993లో జర్మనీ పరిశోధకులు సిన్నమిక్ ఆమ్లంతోనే నిరూపించారు. పలుచని పొరలుగా పెంచడం మరో దారి. మామూలు అజోబెంజీన్‌కు కావలసిన అతినీలలోహిత భాగం ఎండలో తక్కువ కదా అన్న అభ్యంతరానికీ జవాబుంది. ఫ్లోరిన్ వంటివి తగిలించిన అజోబెంజీన్‌లు కంటికి కనిపించే వెలుతురుకే స్పందిస్తాయి. టన్నుల లెక్కన తయారీ ఖర్చు మాత్రం ఇంకా తీరని సమస్యే. దాన్ని చూపి ఈ దారిని ఇప్పుడే మూసేస్తే తొందరపాటవుతుంది. నిధులిచ్చే సంస్థలు ప్రతి కొత్త స్ఫటికం విషయంలో ఎంత పట్టిందన్న అంకెతో సరిపెట్టుకోకూడదు. వదిలించడానికి ఎంత శక్తి అయింది, వెలుతురు ఎంత లోతుకు పనిచేసింది, ఎన్నిసార్లు మారినా చట్రం చెక్కుచెదరకుండా ఉంది అన్న లెక్కలు కూడా అడగాలి.