పట్టికలలో తరగతులను కలుపుట

సహకార సంఘముల వార్షిక నివేదికలలో సన్నకారు రైతులను, చిన్నకారు రైతులను ఒకే వరుసలో చూపుట వాడుకయైనది. చదువుటకిది సులభమే. కాని ఆ వరుసలో సత్యము మరుగుపడు ప్రమాదము కలదని సభ్యులకు మనవి చేయుచున్నాము.

మన దేశపు వ్యవసాయ గణనలో కమతములు ఐదు తరగతులు. 1 హెక్టారునకు, అనగా సుమారు 2½ ఎకరములకు, లోపలివి సన్నకారువి. 1 మొదలు 2 హెక్టారుల లోపలివి చిన్నకారువి. 2015-16 గణన ప్రకారము ఈ రెండును కలిసి నూటికి 86 కమతములు. ఇన్నింటిని ఒక్క వరుసలో చేర్చిన యెడల పట్టిక తెలుపగలిగినది స్వల్పము.

ఒక ఉదాహరణమును ఊహింతము. సంఘములో అప్పుగొన్నవారు సన్నకారు రైతులు 100 మంది, చిన్నకారు రైతులు 100 మంది, 2 హెక్టారులు మొదలు పైబడిన కమతములవారు 100 మంది అనుకొందము. గడువునకు బాకీ తీర్చినవారు క్రమముగా 40, 80, 60 మంది. మొదటి రెండు తరగతులను కలిపినచో 200 మందిలో 120 మంది, అనగా నూటికి 60. మూడవ తరగతియు నూటికి 60. కమతపు విస్తీర్ణమునకును బాకీ చెల్లింపునకును సంబంధమే లేదని పట్టిక పలుకును! గడువు దాటిన సన్నకారు రైతుల కష్టమేమో పాలకవర్గము విచారింపనే విచారింపదు.

తరగతులను ఎన్నడును కలుపరాదని మా అభిప్రాయము కాదు. పై రెండు తరగతులవారును నూటికి 50 చొప్పున తీర్చియుండిన, కలిపినను 50యే. మూడవ తరగతితో గల భేదము చెక్కుచెదరదు. నిష్పత్తులు సమానమైనచోట కలుపుట నిరపాయము. ఒక తరగతిలో నలుగురైదుగురే యున్నప్పుడు దానిని ప్రక్క తరగతితో చేర్చుటయు న్యాయమే. దూరపు తరగతితో చేర్చుట న్యాయము కాదు. ఏవి కలుపవలయునో ముందుగానే తీర్మానించి, కలుపునప్పుడు నిష్పత్తులను సరిచూడవలెను. కోరిన ఫలితము వచ్చువరకు కలుపుచు విడదీయుచు పోవుట లెక్క యనిపించుకొనదు.

పట్టిక పొడవగునని కొందరు కార్యదర్శులు అనవచ్చును. ఒక వరుస పెరిగినంత మాత్రమున సంఘమునకు కలుగు నష్టమేమి? కలుపక మునుపటి పట్టికను గూడ నివేదికకు జతపరచవలసినదిగా సభ్యులు సర్వసభ్య సమావేశమున కోరవలెను. తాలును గట్టిగింజను కలిపి కొలిచి, పంట పండినదని సంతసించు రైతు మనలో లేడు గదా!