గ్యాలరీ కూలాక కాదు, ఎక్కకముందే అడగాలి

2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే వేళ తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ కుప్పకూలింది. వంద మందికి పైగా గాయపడ్డారు. జనం ఎక్కువయ్యారనడం తేలిక. అది ఎంత మందిని మోస్తుందో లెక్కగట్టి, నిండాక ఆపాల్సిందెవరు?

కబడ్డీ మన వాడల ఆట. బూట్లు, బ్యాట్లు కొనే పని లేదు కాబట్టి మన పిల్లలకు అందింది. ఆడేదీ చూసేదీ పేదలే అయిన చోట భద్రతా చౌకగానే దొరుకుతుంది. 2022 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్‌లో అండర్-17 బాలికల కబడ్డీ పోటీలకు వండిన అన్నాన్ని మరుగుదొడ్డిలో పెట్టారు. వీడియో బయటికొచ్చాకే క్రీడాధికారి సస్పెండ్ అయ్యాడు. వీడియో తీయకపోయుంటే?

మన గురుకులాల జోనల్ పోటీలనే చూద్దాం. గ్యాలరీ గట్టిదని ఇంజినీర్ సంతకం చేశాడా? అంబులెన్స్ మైదానంలోనే ఉంటుందా, 108కి ఫోన్ చేశాక వస్తుందా? మెడకు దెబ్బ తగిలిన పిల్లను కాళ్లూ చేతులూ పట్టి ఎత్తకూడదని పీఈటీకి ఎవరైనా నేర్పారా? దగ్గరి ఆస్పత్రిలో రాత్రి డాక్టరుంటాడా?

ఇవన్నీ కాగితం మీద ఉండాలి. విద్యార్థి సంఘాలుగా మనం ఆ కాగితం అడగాలి. సమాచార హక్కు చట్టం కింద జవాబుకు గడువు 30 రోజులు, కాబట్టి పోటీల తేదీ ప్రకటించిన రోజే దరఖాస్తు పెట్టాలి. ఆలస్యమైతే సెక్షన్ 7(1) చూపించండి: ప్రాణానికి సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలి.