దోమ దాటలేని సముద్రం

1952 జూన్ 14న ఫ్రాన్స్‌లో పాల్ ఫెలిక్స్ ఆర్మాన్ డెలీల్ అనే విశ్రాంత వైద్యుడు తన మైబ్వా ఎస్టేట్‌లో రెండు అడవి కుందేళ్లను పట్టించి, వాటికి మిక్సోమా వైరస్ ఎక్కించి వదిలేశాడు. ఎస్టేట్‌లో మొక్కల్ని కొరికేస్తున్న కుందేళ్ల పీడ విరగడ కావాలన్నది ఆయన కోరిక. వైరస్‌ను స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నుంచి తెప్పించుకున్నాడు. చుట్టూ ప్రహరీ ఉంది కదా, రోగం గోడ దాటదనుకున్నాడు. గోడ దాటడానికి దానికి కొన్ని వారాలు చాలాయి. 1954 చివరికి ఫ్రాన్స్‌లోని అడవి కుందేళ్లలో నూటికి తొంభైకి పైగా చనిపోయాయి. పెరళ్లలో పెంచుకునేవీ కుప్పకూలాయి. 1953లోనే వైరస్ ఇంగ్లండ్‌లోని కెంట్‌కు చేరింది. వేటగాళ్లు కోర్టుకెక్కితే డెలీల్‌కు పడిన జరిమానా 5,000 ఫ్రాంకులు. 1956లో వ్యవసాయానికీ అడవులకూ మేలు చేశాడని ఆయనకు బంగారు పతకం ఇచ్చారు.

జరిమానా, పతకం రెండూ ఒకే పనికి దక్కాయి. కుందేళ్ల వైరస్‌ల చరిత్రలో ఆనాటి నుంచి ఈనాటి దాకా తెగని తగువు ఇదే. వైరస్‌ను ఒక కుందేలు నుంచి ఇంకో కుందేలుకు మోసింది దోమలు, ఈగలు, గోమార్లే కావచ్చు. సముద్రాలు దాటించింది మాత్రం మనుషులు.

మిక్సోమా పుట్టిల్లు అమెరికా ఖండాలు. దక్షిణ అమెరికా అడవి కుందేళ్లలో అది చర్మం మీద చిన్న కంతి లేపి ఊరుకుంటుంది. అదే వైరస్ యూరప్ జాతి కుందేలుకు సోకితే కనురెప్పలు వాచి మూసుకుపోతాయి, తల ఉబ్బిపోతుంది, రెండు వారాలలోపే ప్రాణం పోతుంది. 1896లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో తన ప్రయోగశాలలోని కుందేళ్లు ఇలా చనిపోవడం చూసి జుసెప్పే సనారెల్లి ఈ జబ్బును మొదటిసారి గుర్తించాడు. ఆ ఖండాల దోమలు ఆ ఖండాల్లోనే ఉండిపోయేవి.

ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ వైరస్‌ను కావాలనే తెచ్చుకుంది. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి తెప్పించిన కుందేళ్ల సంతతి ఖండమంతా పాకింది. పశ్చిమాన వేల కిలోమీటర్ల కంచె కట్టినా అవి ఆగలేదు. 1950లో వైరస్‌ను వదిలాక నదీ తీరాల దోమలు మిగతా పని పూర్తి చేశాయి. సోకిన కుందేళ్లలో నూటికి 99కి మించి చనిపోయేవి. అదే సమయంలో ముర్రే నది లోయలో మనుషులకు మెదడువాపు రావడంతో జనం ఈ వైరస్‌నే అనుమానించారు. ఇది మనుషులకు సోకదని రుజువు చేయడానికి మెక్‌ఫర్లేన్ బర్నెట్, ఫ్రాంక్ ఫెన్నర్, ఇయాన్ క్లూనీస్ రాస్ దాన్ని తమ ఒంట్లోకే ఎక్కించుకున్నారు. శాస్త్రవేత్తల నిజాయతీ మీద నాకు సందేహం లేదు. సందేహమంతా వారి తర్వాత వచ్చిన ధీమా గురించే. ఎందుకంటే కొద్ది ఏళ్లలోనే వైరస్ మెత్తబడింది. కుందేలును వెంటనే చంపే రకం కన్నా కొన్నాళ్లు బతకనిచ్చే రకానికి దోమకాట్లు ఎక్కువ దొరుకుతాయి. అందుకే అదే నిలిచింది. కుందేళ్లలోనూ తట్టుకునే శక్తి పెరిగింది. ఇంకో ఆయుధం కావలసి వచ్చింది.

ఆ ఆయుధం చైనాలో తయారుగా ఉంది. 1984లో జియాంగ్సు ప్రావిన్స్‌లో, జర్మనీ నుంచి దిగుమతి చేసుకున్న అంగోరా కుందేళ్లలో రక్తస్రావ వ్యాధి బయటపడింది. నిన్న సాయంత్రం మేత తిన్న జంతువు తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. కాలేయం కుళ్లి, ముక్కు నుంచి రక్తం కారుతూ. ఏడాదిలోపే చైనాలో 14 కోట్ల పెంపుడు కుందేళ్లు చనిపోయాయన్నది అప్పటి అంచనా. 1988లో అది గడ్డకట్టించిన మాంసంతో మెక్సికో చేరింది. ఆస్ట్రేలియా వార్డాంగ్ దీవిలో దీన్ని పరీక్షిస్తుండగా 1995 అక్టోబరులో ప్రధాన భూభాగానికి తప్పించుకుపోయింది, బహుశా ఈగల మీద. న్యూజిలాండ్‌లో 1997 జులైలో ప్రభుత్వం వద్దంది. ఆగస్టులోనే ఒటాగో రైతులు దొంగచాటుగా తెచ్చి, చచ్చిన కుందేళ్ల కాలేయాలను వంటింటి మిక్సీల్లో రుబ్బి పొలాల్లో చల్లారు. చివరికి ప్రభుత్వమే తలొగ్గి దాన్ని చట్టబద్ధం చేసింది. గొర్రెల మేత పోయి బతుకు దుర్భరమైన రైతు కోపం అర్థమవుతుంది. వైరస్‌ను వెనక్కి పిలిచే దారి మాత్రం ఎవరి దగ్గరా లేదు.

స్పెయిన్‌కు వెళ్తే లెక్క తిరగబడుతుంది. అది యూరప్ జాతి కుందేలు సొంత ఊరు. ఐబీరియన్ లింక్స్ అనే అడవిపిల్లి, స్పానిష్ రాచగద్ద దీని మీదే బతుకుతాయి. రెండు వైరస్‌లూ కుందేళ్లను ఊడ్చేయడం, ఆవాసాలు తరిగిపోవడం కలిసి 2002 నాటికి లింక్స్ సంఖ్యను వందలోపుకు దించాయి. ఎంతో శ్రమపడి వాటిని మళ్లీ పెంచుకొస్తున్నారు. ఈలోగా 2010లో ఫ్రాన్స్‌లో రక్తస్రావ వైరస్ రెండో రకం బయటపడింది. పాతది కూనలను వదిలేసేది; ఇది వాటినీ చంపుతుంది, పైగా చెవులపిల్లులకూ సోకుతుంది. 2020లో అమెరికా నైరుతి రాష్ట్రాల అడవి జాతుల్లోకి చేరింది. 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ యూరోపియన్ కుందేలునే అంతరించే ముప్పున్న జీవుల్లో చేర్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఒక దేశం వాదిస్తుంటే, పక్క దేశం కుందేళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది.

ఇంట్లో పెరిగే కుందేలు కూడా ఈ తగువులో ఇరుక్కుంది. ఆస్ట్రేలియాలో పెంపుడు కుందేళ్లకు మిక్సోమా టీకా వేయనివ్వరు. టీకాలోని సజీవ వైరస్ అడవి కుందేళ్లకు పాకి వాటికి రక్షణ ఇస్తుందని భయం. (క్వీన్స్‌లాండ్‌లో ఇంట్లో కుందేలును పెంచడమే నేరం, ఇంద్రజాలికులకు మాత్రం అనుమతి దొరుకుతుంది.) మన దగ్గర యూరప్ కుందేలు అడవుల్లో లేదు, షెడ్లలోనే ఉంది. అలాగని నిశ్చింతగా ఉండలేం. మన తుప్పల్లో తిరిగే చెవులపిల్లి, రెండో రకం వైరస్ బారినపడ్డ యూరప్ చెవులపిల్లులు ఒకే ప్రజాతివి. కొత్తగా కొన్న జతను కొన్నాళ్లు విడిగా ఉంచడం, షెడ్డుకు దోమతెర కట్టడం, చచ్చినదాన్ని గట్టు మీద పారేయకుండా లోతుగా పాతిపెట్టడం పెంపకందారులకు పెద్ద ఖర్చు కాదు. కళేబరంలో రక్తస్రావ వైరస్ నెలల తరబడి బతుకుతుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది పాతికేళ్ల కిందటి ఒక ముచ్చట. స్పెయిన్ శాస్త్రవేత్తలు మెత్తబడిన మిక్సోమా వైరస్‌ను మలిచి, ఒక కుందేలు నుంచి ఇంకోదానికి తనంత తానే పాకే టీకా తయారుచేశారు. మెనోర్కా పక్కనున్న చిన్న దీవిలో పరీక్షించారు కూడా. సరిగ్గా అదే కాలంలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు అదే వైరస్‌తో కుందేళ్లకు సంతానం కలగకుండా చేసే పనిలో ఉన్నారు. ఒకటి రక్షణను అంటించేది, రెండోది గొడ్డుతనాన్ని అంటించేది. రెండూ వాడుకలోకి రాలేదు. వచ్చి ఉంటే, ఎవరో ఒకరి సామానులో అవి ఖండాలు మారడానికి ఎన్నాళ్లు పట్టేదో డెలీల్ ప్రహరీ గోడే చెబుతుంది. ఈ రెండు జబ్బులూ ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్నాయి, జబ్బు కనిపిస్తే దేశాలు ప్రకటించాలి. అది చాలదు. అంటుకునే వైరస్‌ను, మందుగానైనా విషంగానైనా, ఆరుబయట వదలాలనుకున్న దేశం ఆ జంతువు ఉన్న మిగతా దేశాల సమ్మతి ముందే తీసుకోవాలి. ఆస్ట్రేలియా 2017లోనూ ఒక కొత్త రకాన్ని వదిలింది. ఆ తర్వాతిదాన్ని వదిలే ముందు మాడ్రిడ్‌ను అడగాలి.