ఫైరింజన్ వచ్చేలోగా ఊరి చేతిలో ఏముంది?

కోనసీమ రైతుకు నీటి భయం తెలుసు. గాలి భయమూ తెలుసు. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లో పశువులను గట్టు మీదకు తోలేస్తాం. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవాళ్లు వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, బియ్యం, కొవ్వొత్తులు సర్దుకుంటారు. తుపాను షెల్టరు ఎక్కడుందో చిన్న పిల్లాడిని అడిగినా చెబుతాడు. మరి నిప్పు సంగతేమిటి? ఊళ్లో పాక అంటుకుంటే ఏ వస్తువు ఎక్కడుంది, ఎవరు తేవాలి అని అడిగి చూడండి. చాలా ఊళ్లలో జవాబు రాదు.

పెద్ద మంటలు మనకు కొత్త కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. దాన్ని ఆర్పడానికి విదేశీ నిపుణులు రావలసి వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అలాంటివి జరిగితే మంత్రులు వస్తారు, కమిటీలు వేస్తారు. కానీ ఒక చిన్న రైతు గడ్డిమేటు కాలితే, ఒక కౌలుదారు పాక కాలితే ఎవరు వస్తారు? మరునాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది, అంతే.

ఆ నాలుగు లైన్ల వెనక ఏముందో మీకు వేరే చెప్పక్కర్లేదు. గడ్డిమేటు అంటే గేదెకు ఏడాది మేత. అది పోతే గడ్డి కొనాలి, లేదా గేదెను అమ్మాలి. పాకలో పాసుపుస్తకం, బ్యాంకు కాగితాలు, విత్తనాల బస్తా, పిల్లల సర్టిఫికెట్లు ఉంటాయి. ఎకరం, అరెకరం రైతు ఒక్క పూటలో పోగొట్టుకున్నది తిరిగి సంపాదించడానికి అయిదారేళ్లు పడుతుంది.

దూరం ఎవరి తప్పూ కాదు

101కి ఫోన్ చేస్తే ఫైరింజన్ వస్తుంది కదా అంటారా? వస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట లాంటి చోట్ల అగ్నిమాపక కేంద్రాలున్నాయి. ఆ సిబ్బందిని తప్పు పట్టాల్సిన పనిలేదు. కానీ తాటాకు పాక కాలడానికి ఎంతసేపు పడుతుంది? ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి తోడైతే పది, పదిహేను నిమిషాల్లో నిట్రాడు ఒక్కటే మిగులుతుంది. ఆ టైములో ఫైరింజన్ రోడ్డెక్కి, వంతెనలు దాటి, కాలవ గట్టు మీద సందులు తిరిగి మీ ఇంటి ముందుకు రావాలి. నాలుగైదు వేల లీటర్ల నీళ్లు మోసే బండి అది. మన పుంత రోడ్లలో చాలాచోట్ల తిరగనే తిరగదు.

లంక గ్రామాల సంగతి మరీ కష్టం. పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, బూరుగులంక వాసులకు ఏటా వరదకు రేవులో వేసుకున్న బాట కొట్టుకుపోవడం, పడవ మీద బతుకు వెళ్లదీయడం ఏళ్ల తరబడి అనుభవం. పడవ మీద ఫైరింజన్ రాదు. అంటే మొదటి పది నిమిషాలు ఊరివే. ఆ పది నిమిషాలకు కావలసిన సామాను ఊళ్లోనే ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే.

అంతర్వేదిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక లక్ష్మీనరసింహస్వామి రథం తగలబడిపోయింది. అరవై ఏళ్లకు పైబడిన టేకు రథం తెల్లారేసరికి బూడిదయింది. కారణాల మీద నడిచిన వాదాలు వేరే సంగతి. దేశమంతా పేరున్న క్షేత్రంలోనే రాత్రిపూట రేగిన మంటను అందుకోలేకపోతే, పేరు లేని మన పేటల మాటేమిటి? రథాన్ని మరుసటి ఏడాది ఫిబ్రవరికల్లా కొత్తగా చేయించారు. మన పాకను ఎవరు చేయిస్తారు?

పట్నానికి ఉంది, పల్లెకు లేదు

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో 12వ షెడ్యూలు వచ్చింది. మునిసిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలు అందులో ఉన్నాయి. అగ్నిమాపక సేవ వాటిలో ఒకటి. అదే ఏడాది 73వ సవరణతో పంచాయతీలకు 29 అంశాలతో 11వ షెడ్యూలు ఇచ్చారు. వ్యవసాయం, పశుపోషణ, రోడ్లు, తాగునీరు అన్నీ ఉన్నాయి. నిప్పు మాత్రం లేదు. పల్లెల్లో మంటలార్పే బాధ్యత రాష్ట్ర అగ్నిమాపక శాఖదే అన్నమాట. ఆ శాఖ కేంద్రాలేమో పట్నాల్లో ఉన్నాయి. తాటాకు, గడ్డి, కొబ్బరి డొక్క, పీచు ఉన్నవి పల్లెల్లో. నిప్పుకు ఈ షెడ్యూళ్లు తెలియవు కదా!

నీళ్ల మధ్య ఉన్నా నీళ్లుండని కాలం

గౌతమి, వశిష్ఠ, వైనతేయల మధ్య ఉన్నాం, మనకు నీళ్లకేం కొదవ అనుకుంటాం. సరిగ్గా నిప్పు కాలంలోనే నీళ్లుండవు. దాళ్వా కోతలయ్యి గడ్డి మేటు వేసే వేసవిలోనే కాలవలు కట్టేస్తారు. పంట బోదెలు ఎండిపోతాయి. కొందరు చేలో మోళ్లకు నిప్పు పెట్టేదీ అప్పుడే. పైగా ఇల్లు అంటుకోగానే ముందు కరెంటు తీసేయాలి, తీసేస్తారు కూడా. కరెంటు పోతే బోరు మోటారు, పంచాయతీ ట్యాంకు మోటారు ఏవీ పనికిరావు. చేద బావులు చాలా ఇళ్లలో పూడ్చేశాం. కాబట్టి కరెంటుతో పనిలేని ఇంజను, వేసవిలోనూ నీళ్లుండే చెరువు, ఈ రెండూ ఊరికి ముందే గుర్తు పెట్టుకోవలసినవి.

ఏమేం ఉండాలి?

కొండంత ఖర్చు అక్కర్లేదు. సగం సామాను మీ దొడ్లోనే ఉంది. మంట రోజున అది ఒకచోటికి రాకపోవడమే లోపం.

ఆయిల్ ఇంజను: చేలకు నీళ్లు తోడే ఇంజను నీళ్లు బాగా పోస్తుంది, కానీ దూరం కొట్టదు. గడ్డిమేటు తడపడానికి, డ్రమ్ములు నింపడానికి అది చాలు. ఒక ఇంజను పైపు మరో ఇంజనుకు పట్టకపోవడం మన ఊళ్లలో మామూలే. బిగింపు క్లాంపులు, వాషర్లు, ఫుట్‌వాల్వు అదనంగా ఒక జత పెట్టుకోవాలి. చెరువు నుంచి చివరి ఇంటి దాకా పైపు చాలుతుందో లేదో ముందే పరచి చూసుకోవాలి.

హెచ్.టి.పి. స్ప్రేయరు: కొబ్బరి, అరటి తోటలకు మందు కొట్టే యంత్రం. నీళ్లు తక్కువ తీసుకుంటుంది, తుపాకీతో ఎత్తుకు, దూరానికి కొడుతుంది. పాక కప్పు మీద నిప్పుకు ఇంతకన్నా మంచి సాధనం ఊళ్లో దొరకదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. డ్రమ్ములో, గొట్టంలో పురుగు మందు మిగిలి ఉండకూడదు. నూనె మందుల్లో కొన్ని తామే మండుతాయి. మందు కొట్టిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి పెట్టండి. వీపుకు తగిలించుకునే 16 లీటర్ల స్ప్రేయరు మోళ్ల అంచున నిప్పు పాకకుండా ఆపడానికి, మిగిలిన కణికలు ఆర్పడానికి పనికొస్తుంది.

కొక్కెం గెడ: పొడవాటి వెదురు గెడకు ఇనుప కొక్కెం. అంటుకున్న కప్పును కిందకు లాగడానికి, పక్క పాక అంచు తీసేయడానికి. పేటకు రెండు ఉండాలి. పక్కనే ఒక నిచ్చెన.

డ్రమ్ములు, గోనె సంచులు, ఇసుక: 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు, బకెట్లు ఓ డజను. వేసవి మూడు నెలలూ నిండుగా ఉంచి మూత పెట్టాలి. మూత లేకపోతే దోమలు పెరుగుతాయి.

పొడి సిలిండరు: దుకాణాల్లో ఎర్రగా కనపడేది. ఆరు కిలోల ఎ.బి.సి. రకం ఇంజను షెడ్డుకు, కిరాణా కొట్టుకు, మోటారు సైకిలుకు అంటుకున్న మంటకు బాగుంటుంది. కొద్ది సెకన్లలోనే ఖాళీ అవుతుంది కాబట్టి గడ్డిమేటు మీద కొట్టి ప్రయోజనం లేదు. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో నెలకోసారి చూడండి.

ఇంజను, స్ప్రేయరు రైతులవే వాడుకుంటే మిగతావి కొనడానికి ఒక పాడిగేదె ఖరీదు కూడా కాదు. ఊరంతటికీ కలిపి ఆ మాత్రం పెట్టలేమా?

సామానుకు మనిషి తోడు

వస్తువులు కొనడం తేలిక. అవి మంట రోజున పని చేయడమే కష్టం. ఉమ్మడి వస్తువు ఎవరిదీ కాదని మనకు తెలుసు. గెడ ఎవరి పందిట్లోకో పోతుంది, డ్రమ్ము ఎవరి దొడ్లోకో చేరుతుంది. అందుకని సామాను రేకుల షెడ్డులో పెట్టి తాళం రెండు ఇళ్లలో ఉంచాలి. ఆ ఇళ్ల పేర్లు గోడ మీద రాయాలి. నెలకు ఒకరోజు, పౌర్ణమి అనుకోండి, ఇంజను తిప్పి నీళ్లు కొట్టి చూడాలి.

ఇంకో మాట. పగటిపూట మంట రేగితే మగవాళ్లు చేలో ఉంటారు. ఇంటి దగ్గర ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు. కాబట్టి ఇంజను తిప్పడం, స్ప్రేయరు తాడు లాగడం డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకు నేర్పాలి. మగవాళ్లకు మాత్రమే నేర్పితే సగం పనే అయినట్టు.

ఇది ఎక్కడా జరగని పని కాదు. జపాన్‌లోనూ మనలాగే వరి పండించే పల్లెలున్నాయి. అక్కడ రైతులు, దుకాణదారులు తమ పనులు చేసుకుంటూనే ఊరి అగ్నిమాపక దళంలో ఉంటారు. దేశం మొత్తం మీద అలాంటివారు ఏడు లక్షలకు పైగా ఉన్నారు. నలుగురు మోసుకుపోగలిగే చిన్న పంపు వాళ్ల ఆయుధం. కాలవలో గొట్టం వేసి కొడతారు. అమెరికా ఉత్తరాన అలాస్కాలో చాలా గ్రామాలకు రోడ్డే లేదు, చలికాలంలో నీళ్లు గడ్డకడతాయి. అక్కడ ఫైరింజనుకు బదులు కొద్ది నీళ్లతో నురగ కొట్టే చిన్న యంత్రాలు ఊళ్లకిచ్చారు. దారి లేని ఊరికి తగిన సామాను ఊళ్లోనే పెట్టారు. మన లంకలకు కావలసిందీ ఆ ఆలోచనే.

మంట రేగినప్పుడు

ముందు మనుషులు, తర్వాత పశువులు, ఆ తర్వాతే సామాను. ఒకరు 101కి ఫోన్ చేయాలి. ఫైరింజన్ వచ్చినా రాకపోయినా ఫోన్ మాత్రం మానొద్దు. ఇంకొకరు లైన్‌మన్‌కు చెప్పి కరెంటు తీయించాలి. తీయకుండా తీగల మీద నీళ్లు కొడితే ప్రాణం పోతుంది. గుడి మైకులో గానీ చర్చి మైకులో గానీ ఊరందరికీ చెప్పాలి. నీళ్లు కాలుతున్న పాక మీదకన్నా, గాలి వాలున ఉన్న పక్క పాక మీద ముందు కొట్టండి. కాలేది ఎలాగూ కాలుతుంది, పక్కది కాపాడుకోవాలి. గ్యాసు గొట్టం లీకయినట్టు వాసన వస్తే మాత్రం ఈ సామాను ముట్టుకోవద్దు. పొయ్యి వెలిగించకుండా, బండి స్టార్టు చేయకుండా, గాలికి ఎదురుగా దూరం పోవాలి. నగరం మనకు నేర్పిన పాఠం అది.

ఇక చేయాల్సిందేమిటి?

రాబోయే గ్రామసభలో ఈ మాట మీరే ఎత్తండి. సామాను జాబితా రాసి, తీర్మానం చేయించి, పంచాయతీ నిధుల్లోంచి అడగండి. డబ్బుల్లేవంటే సగం పంచాయతీ, సగం ఊరు అనండి. తీర్థాలకు, సంబరాలకు చందాలేసుకునే ఊళ్లు మనవి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి ప్రాణాలర్పించిన సిబ్బంది జ్ఞాపకంగా జరిపేవి అవి. ఆ వారంలో సిబ్బంది పట్నం బడుల్లో, ఆస్పత్రుల్లో ప్రదర్శనలిస్తారు. మా ఊరు రండి, మా స్ప్రేయరుతోనే నేర్పండి అని కేంద్రానికి ఉత్తరం రాయండి.

ప్రభుత్వాన్ని అడగవలసిందీ ఉంది. లంక గ్రామాలకు పడవలో తేగల పంపులు ఇవ్వాలి. ఏ ఊరికి ఏ రేవు, ఏ చెరువులో వేసవిలో నీళ్లుంటాయి అన్న వివరాలు కేంద్రాల్లో ఉండాలి. కోనసీమ 2022లో జిల్లా అయింది. జిల్లా వచ్చిన ఫలం లంక దాకా రావద్దా?

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. ఈసారి దాళ్వా గడ్డి మేటు వేయకముందే మీ పేటలో ఏ ఇంజను పని చేస్తోంది, ఏ పైపు చిరిగింది, ఏ చెరువులో నీళ్లున్నాయి, నలుగురు కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. దానికి పైసా ఖర్చు లేదు. మిగతాది దాని వెనకే వస్తుంది.